విజ్ఞాన దౌత్యము – మన యువజనుల ధర్మము

సభలలో మనము తరచుగా వినుచుండు మాట యొకటి గలదు: నేటి బాలలే రేపటి పౌరులని. మార్కండేయ జయంతినాడు గాని, ఉగాదినాడు గాని, పరీక్షలలో ఉత్తీర్ణులైన విద్యార్థులకు బహుమతులు పంచునాడు గాని, వేదికమీది పెద్దలలో ఎవరో యొకరు ఈ మాట పలుకక మానరు. సభ్యులు చప్పట్లు చరతురు. పిల్లలు బహుమతి పుస్తకములు చంకన బెట్టుకొని ఇండ్లకు పోవుదురు. మాట మంచిదే. కాని దానిలో ఒక చిన్న మోసము దాగియున్నది. వారు రేపటివారని యనుటలో, నేడు వారికి మాటాడు అధికారము లేదనియు, నేడు మనము చేసిన పొరపాటులను మాత్రము రేపు వారే దిద్దవలెననియు, మనకు తెలియకయే మనము తీర్పు చెప్పుచున్నాము.

ఇటీవలి కాలమున పిల్లల పాఠ్యపుస్తకములలోను, పత్రికలలోను రెండు మాటలు విరివిగా కానవచ్చుచున్నవి. ఒకటి సుస్థిరాభివృద్ధి, రెండవది విజ్ఞాన దౌత్యము. రెండింటి ప్రక్కను "యువజనుల పాత్ర" యను మాట తప్పక చేరుచున్నది. ఇవి ఢిల్లీలోను, జెనీవాలోను కూర్చుండువారి పనులని మనము తప్పుకొనవచ్చును. కాని మాకు తోచునది వేరు. భివండీ వంటి ఊరిలో, సాంచాల చప్పుడు నడుమ బ్రతుకు కుటుంబములకు ఈ మాటలు ఒక గట్టి ధర్మసందేహమును తెచ్చిపెట్టుచున్నవి. మగ్గము మీద బ్రతుకు ఇంట పుట్టిన బిడ్డ చదువుకొని, ఒక సత్యమును కొలిచి కనుగొన్నచో, ఆ సత్యము తనను పెంచిన అన్నమునకే అడ్డుతగిలినచో, ఆ బిడ్డ ఏమి చేయవలెను? ఆ బిడ్డను కన్న మనమేమి చేయవలెను? ఈ వ్యాసమున ఆ సందేహమునే విచారింపబూనితిమి.

ముందుగా మాటల అర్థమును స్థిరపరచుకొందము. సుస్థిరాభివృద్ధి యనగా, నేటివారి అవసరములు తీరవలెను. కాని అవి తీరు విధము రేపటివారి అవసరములకు గండికొట్టరాదు. 1987లో నార్వే ప్రధానిగా నుండిన బ్రంట్‌లాండ్ అధ్యక్షత వహించిన సంఘము ఈ భావమును లోకమునకు స్పష్టముగా చెప్పెను. 2015 సెప్టెంబరులో ఐక్యరాజ్య సమితి సభ్యదేశములు 193ను 2030 నాటికి సాధింపదగిన 17 లక్ష్యములను అంగీకరించినవి. అందు ఆరవది శుభ్రమైన నీరు. ఎనిమిదవది గౌరవప్రదమైన పని. పండ్రెండవది బాధ్యతతో కూడిన ఉత్పత్తి, వినియోగము. కాగితము మీద ఇవి ఒకదాని క్రింద నొకటి వినయముగా నిలిచియున్నవి. వీథిలోనికి దిగినంతనే ఎనిమిదవది ఒక చేయి పట్టి, పండ్రెండవది రెండవ చేయి పట్టి మనిషిని చెరియొక ప్రక్కకు లాగుచున్నవి. భివండీవారికి ఇది ఒకరు చెప్పవలసిన సంగతి కాదు.

ఇక విజ్ఞాన దౌత్యము. రాయబారమనగానే మన తెలుగువారికి కృష్ణరాయబారము స్ఫురించును. ఊరూర రాత్రంతయు నాటకము చూచి, తెల్లవారి పనికి పోయిన జాతి మనది. రాయబారి ఒక పక్షము మాటను రెండవ పక్షమునకు మోసికొనిపోవును. విజ్ఞాన దౌత్యమున మోయబడునది ఏ పక్షపు మాటయు కాదు, అది కొలత. నీటిలో ఇంత ఉప్పున్నది, గాలిలో ఇంత మసి యున్నది అను మాటకు తెలుగు, మరాఠీ, ఉర్దూ భేదములు లేవు. హిందూ ముస్లిము భేదములు లేవు. 2010లో లండనులోని రాయల్ సొసైటీయు, అమెరికాలోని విజ్ఞానాభివృద్ధి సంఘమును కలిసి వెలువరించిన నివేదికలో ఈ దౌత్యమునకు మూడు రూపములు చెప్పబడినవి. దేశముల ఒప్పందములకు శాస్త్రజ్ఞుల సలహా తోడగుట మొదటిది. దేశములు కలిసి శాస్త్రపరిశోధన చేయుటకు దౌత్యము తోడగుట రెండవది. మాటలు తెగిపోయిన దేశముల నడుమ శాస్త్రమే మరల మైత్రిని అల్లుట మూడవది. ఈ మూడవదానిలో నేత పనివాని పోలిక యున్నది. తెగిన పోగును వెదకి ముడివేయుట మన ఇండ్లలో పిల్లలకును తెలిసిన విద్యయే.

ఈ దౌత్యము ఫలించిన ఉదాహరణము నొకదానిని చూతము. 1974లో మారియో మోలినా అను మెక్సికో దేశపు యువకుడు, ముప్పదియొక్క యేండ్లవాడు, అమెరికాలో షెర్వుడ్ రోలండ్ అను ఆచార్యునితో కలిసి ఒక వ్యాసమును ప్రకటించెను. శీతలయంత్రములలోను, తుంపరగా చిమ్ము డబ్బాలలోను వాడబడుచుండిన క్లోరోఫ్లోరోకార్బనులు ఆకాశమున పైకెగసి, సూర్యరశ్మికి చిట్లి, అందలి క్లోరిను పరమాణువులు మనలను తీక్ష్ణకిరణములనుండి కాపాడు ఓజోను పొరను హరించునని వారు చెప్పిరి. ఆ వాయువులను తయారుచేయు పరిశ్రమలు వారిని గేలిచేసినవి. 1985లో అంటార్కిటికా ఖండమున ఏండ్ల తరబడి కొలతలు తీయుచుండిన బ్రిటిషు శాస్త్రజ్ఞులు, అక్కడ వసంతకాలమున ఓజోను దారుణముగా పలుచబడుచున్నదని ప్రకటించిరి. 1987 సెప్టెంబరు 16న మాంట్రియలు నగరమున ఒడంబడిక కుదిరెను. శీతలయుద్ధపు నాటి శత్రువులైన అమెరికా, సోవియటు దేశములు రెండును దానిలో చేరినవి. 2009 నాటికి ఐక్యరాజ్య సమితి సభ్యదేశములన్నియు ఆ ఒడంబడికను ఆమోదించినవి. మోలినా, రోలండులకు, వారితోబాటు పాల్ క్రుట్జెనునకు 1995లో నోబెలు బహుమతి లభించెను. ఆ పొర ఇపుడు మెల్లమెల్లగా కోలుకొనుచున్నది.

ఈ కథను చెప్పువారు సాధారణముగా ఇక్కడ ముగింతురు. మనకు కావలసిన నీతి మాత్రము దీని మధ్యభాగమున నున్నది. భారతదేశము మొదట ఆ ఒడంబడికలో చేరలేదు. కారణము సత్యమును కాదనుట కాదు. ధనిక దేశములు దశాబ్దములపాటు ఆ వాయువులను వాడి సుఖించినవి. ఇప్పుడు ఇంటింట శీతలయంత్రము ఇంకను రాని దేశములును సమానముగా వ్యయము భరింపవలెనా యని మన దేశము అడిగెను. ఆ ప్రశ్నకు 1990లో లండనులో జవాబు లభించెను. పేద దేశములు క్రొత్త పద్ధతులకు మారుటకగు ఖర్చును భరించుటకై ఒక ఉమ్మడి నిధి ఏర్పడెను. ఆ పిదప 1992లో భారతదేశము ఒడంబడికలో చేరెను. అనగా సత్యము కనుగొనుటకు పదునొకండేండ్లు పట్టినది. ఆ సత్యమును అందరును అంగీకరించుటకు, దాని ఖర్చు ఎవరు మోయుదురను ప్రశ్న తేలవలసివచ్చినది. కొలతయొకటే చాలదు, కొలతతోబాటు పంపకమును న్యాయముగా నుండవలెను. ఈ రెండవ మాటను మరువరాదని పాఠకులను కోరుచున్నాము.

ఇంకను దగ్గరగా వత్తము. కొన్ని అజో రంగులు శరీరమున చీలి, క్యాన్సరును కలిగించు పదార్థములను వెలువరించునని శాస్త్రజ్ఞులు నిర్ధారించిరి. 1994లో జర్మనీ అట్టి రంగులు వేసిన వస్త్రములను నిషేధించెను. 1997లో మన దేశమును అట్టి రంగులను నిషేధించెను. ఎక్కడనో ఒక ప్రయోగశాలలో గాజునాళికలో తేలిన కొలత, రంగు తొట్టివద్ద మోచేతివరకు చేతులు ముంచి నిలిచిన మన దేశపు కార్మికుని చేతిని తాకినది. అతని బ్రతుకు గురించి ఆ ప్రయోగశాలలో ఎవరును తలచియుండరు. ఐనను ఆ కొలత అతనిని కాపాడినది. అదే సమయమున చిన్న రంగుల వ్యాపారికి నష్టమును తెచ్చినది. రెండును నిజమే. విజ్ఞాన దౌత్యము మన ఇంటి గడపవద్దకు వచ్చునపుడు ఎల్లవేళల ఇట్లు రెండు చేతులతోనే వచ్చును.

ఇప్పుడు మన ఊరికి వత్తము. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ, మెదకు ప్రాంతములనుండి చేమగ్గము చల్లబడిన నేతకుటుంబములు బొంబాయి, షోలాపురము, సూరతు, భివండీలకు తరలివచ్చిన చరిత్ర మన పెద్దలకు పుస్తకములు చదివి తెలిసికొనవలసినది కాదు. 1982 జనవరిలో బొంబాయి మిల్లుల మహాసమ్మె మొదలైన పిమ్మట నేతపని మరింతగా మరమగ్గముల పట్టణములకు జరిగెను. మిల్లులలో పని పోయినవారును సాంచాలను ఆశ్రయించిరి. 2011 జనాభా లెక్కలనాటికే ఏడు లక్షలు దాటిన ఈ పట్టణమున నేడు పద్మనగరు వంటి పేటలలో తెలుగు పలుకు వీథులున్నవి, తెలుగు పాట వినబడు పెండ్లిపందిళ్లున్నవి. ఈ ఊరు మనకు అన్నము పెట్టినది. ఈ ఊరిని గూర్చి కఠినముగా మాటాడుటకు మనకు నోరు రాదు. అందువలననే ఇక్కడ సత్యము కష్టము.

మన వీథిలోని ఒక బాలికను ఊహించుకొందము. ఆమె కళాశాలలో భౌతికశాస్త్రము చదువుచున్నది. తండ్రి పండ్రెండు గంటల పాళీలో సాంచాలు నడుపును. షెడ్డులో మాట వినబడదు గనుక అతడు తోటివారితో చేసైగలతో మాటాడును. ఇంటికి వచ్చి మెల్లగా మాటాడుట మరచిపోయెను. భార్య పిలిచినచో మూడవసారికి గాని పలుకడు. ఇంటివారు దానిని పరధ్యానమనుకొందురు. బాలిక కళాశాలనుండి ధ్వనిని కొలుచు పరికరమును తెచ్చి, తండ్రికి అన్నపుగిన్నె ఇచ్చు మిషమీద షెడ్డులో కొలిచినది. మన దేశమున కర్మాగార నియమములు ఎనిమిది గంటల పనికి విధించిన హద్దు 90 డెసిబెల్సు. ముల్లు ఆ హద్దును దాటినది. డెసిబెల్సు లెక్క సామాన్యపు కూడిక వంటిది కాదు. పది పెరిగినచో ధ్వనిశక్తి పదింతలగును. చెవిలోపల ధ్వనిని గ్రహించు సన్నని రోమకణములు ఒకసారి చచ్చినచో మరల మొలవవు. ఆమెకు ఇది పాఠ్యపుస్తకమున తెలిసినది. ఆనాడు తండ్రి ముఖమున తెలిసినది. ధ్వనికి బదులు సైజింగు బాయిలరు పొగను గాని, కాలువగుండ కామ్వారీ నదిలో కలియు నీటిని గాని ఆమె కొలిచియుండవచ్చును. ప్రశ్న మారదు.

ఆమె ఏమి చేయవలెను? మొదటి జవాబు, మౌనముగా నుండవలెనని. ఆ సాంచాయే తన పుస్తకములు కొన్నది, కళాశాల రుసుము కట్టినది. షెడ్డు యజమాని గొప్ప ధనవంతుడు కాకపోవచ్చును. అప్పుచేసి ఎనిమిది సాంచాలు వేసికొన్న మనవాడే కావచ్చును. ఆ షెడ్డు మూతపడినచో తండ్రి చెవి దక్కును గాని పొయ్యి ఆరును. పెట్టిన చేయిని కరచుట కృతఘ్నత కాదా? ఈ వాదమున బలమున్నది. మన పెద్దలలో పలువురు దీనినే పలుకుదురు. కాని ఇది కృతజ్ఞతను తప్పుగా చదువుచున్నది. బాలికకు అన్నము పెట్టినది సాంచా కాదు, సాంచావద్ద నిలిచిన తండ్రి. అతని చెవియు ఆ అన్నపు వెలలో భాగమే యైనది. ఆ వెలను తెలిసియు చెప్పకుండుట ఋణము తీర్చుట కాదు, ఋణపత్రమును దాచుట.

రెండవ జవాబు, ఏమైనను సత్యము చెప్పవలెనని. అధికారులకు వ్రాయవలెను, పత్రికలకెక్కింపవలెను, షెడ్డు మూయింపవలెను. యౌవనమునకు ఈ జవాబు మిక్కిలి ప్రియమైనది. దీనిలో తేజస్సు గలదు. కాని దీనిలో నొక లోపమును గలదు. పలికినవారొకరు, వెల చెల్లించువారు వేరొకరు. ఇతరుల సొమ్ముతో దానము చేయువానిని మనము దాత యని పిలువము. ఇతరుల కూటితో సత్యవ్రతము పాటించువానిని సత్యవంతుడనుటకును మనము కొంత జంకవలెను. పైగా ఒక షెడ్డు మూతపడినచో చప్పుడు తగ్గదు. నాలుగు వీథులవతల, కొలుచువారు లేని చోట, మరల మ్రోగును.

మూడవ జవాబు ఒకటున్నది. అది కష్టమైనది. కొలత చెప్పునది 'ఇట్లున్నది' అను మాట మాత్రమే. 'ఇట్లు చేయవలెను' అను మాట కొలతలో లేదు. అది నలుగురు కూర్చుండి తేల్చుకొనవలసినది. బాలిక కొలతను దాచరాదు. దానిని తీర్పుగా మార్చి తండ్రి నెత్తిన వేయరాదు. ఆ కొలతను పట్టుకొని, తండ్రి, యజమాని, వైద్యుడు, అధికారి ఒకచోట కూర్చుండునట్లు చేయుట ఆమె పని. చెవికి పెట్టుకొను బిరడాలకు వెల స్వల్పము. అరిగిన భాగములను మార్చుట, సాంచా క్రింద అదురును పీల్చు మెత్తలు వేయుట అంతకంటె ఖర్చు. పాత సాంచాలకు బదులు క్రొత్త యంత్రములు తెచ్చుట మిక్కిలి ఖర్చు. ఏది ఎప్పుడు, ఎవరి ఖర్చున అను ప్రశ్నయే మాంట్రియలునుండి లండనువరకు దేశములు వాదించుకొన్న ప్రశ్న. దేశములు అడిగినచో దౌత్యమని పేరు వచ్చినది. మన వీథిలో అడిగినచో అది తగవెట్లగును?

ఇట్టి బల్లచుట్టు కూర్చుండుట మన ఊరివలన కాదని ఎవరైన అందురేమో. అట్లనువారు భివండీ చరిత్రను ఎరుగరు. 1970లోను, 1984లోను ఈ ఊరు మతకలహములలో మండినది. ఆ మంటలు చూచినవారు ఇంకను మన నడుమనున్నారు. 1984 తరువాత ఇక్కడ పోలీసు ఉపకమిషనరుగా వచ్చిన సురేశ్ ఖోప్డే 1988నుండి పేటపేటకు మొహల్లా కమిటీలను నిలిపెను. అందు నాయకులకంటె సామాన్యులెక్కువ. ఇరుమతములవారును అందు సభ్యులు. అల్లర్లు వచ్చిననాడు మాత్రమే కాక, ఏమియు లేనినాడును వారు కలిసికొనిరి; చిన్నచిన్న తగవులను చిన్నవిగా నుండగానే తీర్చుకొనిరి. 1992 డిసెంబరులోను, 1993 జనవరిలోను ప్రక్కనున్న బొంబాయి మండినపుడు, లోకమంతయు మండుననుకొన్న భివండీ మండలేదు. ఇది మన ఊరు లోకమునకు నేర్పిన పాఠము. దౌత్యము ఈ వీథులలో పుట్టియున్నది. దానికి కొలతను జోడించుటయే మిగిలినది.

ఇక్కడ మన యువజనులకు గల ఒక విశేషమును చెప్పవలసియున్నది. పరరాష్ట్రమున అల్పసంఖ్యాకులుగా బ్రతుకుట కష్టమని మనము తరచుగా నిట్టూర్తుము. కాని మన బిడ్డ ఇంట తెలుగు పలుకును. కచేరీలో మరాఠీ పలుకును. షెడ్డులో ఉత్తరప్రదేశమునుండి వచ్చిన పనివానితో హిందీ, ఉర్దూ కలిపి పలుకును. పుస్తకమున ఇంగ్లీషు చదువును. ఒక పక్షము మాటను మరొక పక్షమునకు దాని కోపము తీసివేసి చెప్పుట ఆ బిడ్డ బాల్యమునుండియు చేయుచున్న పని. తాతకు ఆసుపత్రి చీటీని, తల్లికి కరెంటు బిల్లును, ఇంటియజమానికి తండ్రి మాటను తెనిగించి మరల మరాఠీ చేసి చెప్పిన పిల్లలు మన ఇండ్లలో ఎందరు లేరు? రాయబారులను తయారుచేయుటకు దేశములు పాఠశాలలు పెట్టుచున్నవి. మన వీథులు ఆ శిక్షణను ఉచితముగా ఇచ్చినవి. 2017 ఏప్రిల్‌లో కేంద్రప్రభుత్వము మరమగ్గములకై 'పవర్‌టెక్స్ ఇండియా' అను పథకమును భివండీలోనే ప్రారంభించెను. సాదా మరమగ్గములను మెరుగుపరచుటకు, సౌరవిద్యుత్తును అమర్చుకొనుటకు అందు సహాయము చెప్పబడినది. అట్టి పథకము వచ్చినపుడెల్ల దాని కాగితములను చదివి, చిన్న యజమానికి అతని భాషలో విప్పిచెప్పగల యువకుడొకడు వీథికొకడున్నచో, అతడు చేయునది వట్టి దరఖాస్తు పని కాదు. అదియు విజ్ఞాన దౌత్యమే.

కొలత ప్రేమనుండి పుట్టినపుడు ఎట్లుండునో తెలుపు ఉదాహరణము మన నేతవారిలోనే కలదు. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశము తల్లి లక్ష్మి చీరకు ఆసు పోసెడిది. ఒక్క చీరకు ఆమె చేయి దాదాపు తొమ్మిదివేల మార్లు ఇటునుండి అటు కదలవలెను. దినమునకు రెండు చీరలు. భుజము నొప్పితో ఆమె బాధపడెడిది. ఉన్నతవిద్య లేని ఆ యువకుడు ఇరువదియేండ్ల ప్రాయమున, 1992లో, ఆ చేతికదలికను యంత్రమునకు అప్పగింపబూనెను. అనేక వైఫల్యముల పిదప 1999లో యంత్రము సిద్ధమైనది; దానికి తల్లి పేరే పెట్టెను. 2017లో ప్రభుత్వము అతనికి పద్మశ్రీ నిచ్చెను. అతడు తల్లితో ఈ పని మానుమని మాత్రము చెప్పి యూరకొనలేదు. ఇల్లు గడుచుటకు అదియే ఆధారమని మౌనముగా నుండలేదు. కదలికలను లెక్కించెను, లెక్కను దయగా మార్చెను. అతని యంత్రము మగ్గమును మూయలేదు, తల్లి భుజమును విడిపించినది. మేము చెప్పదలచిన మూడవ జవాబునకు ఇంతకంటె స్పష్టమైన రూపము మాకు దొరకదు.

ఐనను ఇక్కడ ఒక అన్యాయమును కప్పిపుచ్చరాదు. చెడుపులో పాలు లేనివారిమీద దిద్దుబాటు భారమును మోపుట న్యాయమా? నదిని మురికిచేసినది నేటి విద్యార్థులు కారు. పొగను పుట్టించినది వారు కారు. 1992లో రియో నగరమున జరిగిన భూమి సదస్సు, తన కార్యప్రణాళికయందు 25వ అధ్యాయమును బాలలకు, యువజనులకు కేటాయించెను. అదే సదస్సు మరియొక సూత్రమును ప్రకటించెను: భూమిని కాపాడు బాధ్యత దేశములన్నిటికిని ఉమ్మడిదే గాని సమానమైనది కాదు, ఎక్కువ వాడుకొన్నవారు, ఎక్కువ శక్తిగలవారు ఎక్కువ మోయవలెను. ఈ సూత్రమును మనము దేశములకు మాత్రమే విడిచిపెట్టరాదు, తరములకును అన్వయించుకొనవలెను. యువజనుల పాత్రను గూర్చి ఉపన్యసించుట పెద్దలకు సులభము; అది తమ పాలు తప్పించుకొనుటకు మర్యాదగల త్రోవయు కావచ్చును. యువకుడు కొలిచి తెచ్చినచో, ఖర్చులో పెద్దపాలు పెద్దలు భరింపవలెను. చౌకగా బట్ట కొను వ్యాపారియు, అదే బట్టను తొడుగుకొను వినియోగదారుడును, పన్ను తీసికొను ప్రభుత్వమును ఆ పెద్దలలోనివారే. మోయలేనివాడు సాంచావద్ద నిలిచినవాడొక్కడే. అతనిమీదనే మొదటి దెబ్బ పడుట నేటి ఆచారము. ఆ ఆచారమును తిరుగవేయనిదే ఏ సత్యమును ఏ వీథియు వినదు.

యువజనులకును కొన్ని నియమములు గలవు. కొలత సరిగా నుండవలెను. సెల్ఫోను చూపిన అంకెకును, సరిచూడబడిన పరికరము చూపిన అంకెకును భేదమును తెలిసికొనవలెను. ఒక్కనాటి కొలతతో కేకలు వేయరాదు. తాము తలచినదానికి విరుద్ధముగా అంకె వచ్చినచో, దానిని దాచక ఒప్పుకొనవలెను. తనకు ప్రతికూలమైన అంకెను చెప్పగలవానినే ఎదుటి పక్షము నమ్మును. కనుగొన్న సంగతిని లోకమునకు చాటుటకు ముందు, దానివలన ఎవరి బ్రతుకు కదలునో వారికి చెప్పవలెను. ఈ నియమములు లేని ఉత్సాహము పొగకంటె ఎక్కువ కన్నులు మండించును.

మన ఉపనిషత్తులలో ఒక బాలుడు గలడు. తండ్రి యజ్ఞము చేసి గోవులను దానమిచ్చుచుండగా ఆ గోవులు ముసలివి, వట్టిపోయినవి యని నచికేతుడు చూచెను. ఇట్టి దానము తండ్రికి మేలుచేయదని అతనికి తోచెను. తననెవరికిత్తువని మరల మరల అడిగెను. తండ్రి కోపించి యమునికిత్తుననెను. అతడు పోయి యముని వాకిట మూడు రాత్రులు నిరాహారుడై నిలిచెను. యముడు మూడు వరములిచ్చెను. మృత్యురహస్యమును తెలుపుమని అతడు కోరినది అందరికిని గుర్తే. కాని అది మూడవ వరము. అతడు మొదట కోరినది, తన తండ్రి మనస్సు శాంతించవలెననియు, తాను తిరిగిపోయినపుడు తండ్రి తనను గుర్తించి ఆదరింపవలెననియు. తండ్రి దానమును ప్రశ్నించుటకు జంకని బాలుడు, జ్ఞానమునకంటె ముందుగా తండ్రితో సంధిని కోరెను. మా సందేహమునకు ఇంత పూర్వమే జవాబు వ్రాయబడియున్నదని మాకు తోచుచున్నది.

ఐతే ఆ వరము సఫలమగుటకు తండ్రియు ఒక పని చేయవలసియుండెను: తిరిగివచ్చిన కుమారుని గుర్తింపవలసియుండెను. మన పాలు అది. మన కులమునకు మూలపురుషుడని మనము కొలుచు మార్కండేయుడు పదునారేండ్ల బాలుడు; మృత్యువు ఎదుట వెన్నుచూపనివాడు. జయంతినాడు ఆ బాలుని పల్లకిలో మోయుదుము. మన ఇంటి పదునారేండ్ల బిడ్డ ఒక కాగితము మీద నాలుగు అంకెలు వ్రాసి తెచ్చి, నాన్నా, ఇది చూడుమని నిలిచినపుడు, సాంచా చప్పుడు చెవిలో ఇంకను మ్రోగుచున్నను, ఆ మాటను మొదటిసారికే విందుము గాక.